పెద్ద విహార నౌక నేలకు తగిలితే ప్రాణాలు దేని మీద ఆధారపడి ఉంటాయి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ క్రూయిజ్ టెర్మినల్‌లో ఎక్కి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లే విహార నౌకలో అమ్మానాన్నలను తీసుకెళ్లాలని మీ కోరిక. టెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీద చిక్కుకున్న ఓడను కళ్లారా చూసినప్పటి నుంచి మీ అమ్మగారు ‘నేను రాను’ అంటున్నారు. ఇటలీలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారని, గ్రీన్‌లాండ్‌లో బురదలో దిగబడిన ఓడ నుంచి మాత్రం అందరూ క్షేమంగా వచ్చారని మీరే రాశారు. ఒకే రకం ప్రమాదానికి ఇంత తేడా ఎందుకు, దాన్ని ఏది నిర్ణయిస్తుంది అన్నది మీ ప్రశ్న.

నేను 31 ఏళ్లు సముద్రం మీద పనిచేశాను. మొదట సరుకు ఓడలు, చివరి తొమ్మిదేళ్లు విశాఖకు, పోర్ట్‌బ్లెయిర్‌కు మధ్య తిరిగే ప్రయాణికుల ఓడల్లో చీఫ్ ఆఫీసర్‌ని. ఇప్పుడు పెదవాల్తేరులో ఉంటున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

ఓడ నేలకు తగలడం ఒక ప్రమాదం. మనుషులు చనిపోవడం ఇంకొక ప్రమాదం. మొదటిదాని నుంచి రెండోదానికి మధ్య చాలాసార్లు ఒక గంట, ఒక్కోసారి అయిదారు గంటలు గడువు దొరుకుతుంది. అడుగున ఇసుక ఉందా రాయి ఉందా, ఓడ అడుగుభాగంలో అడ్డగోడల మధ్య ఉండే గదుల్లో ఎన్నింటిలోకి నీరు వచ్చింది, కరెంటు మిగిలిందా, ఓడ చివరకు ఎక్కడ ఆగింది, గాలి ఎటు వీస్తోంది అన్నవన్నీ ఆ గడువు ఎంత పొడవో తేలుస్తాయి. ఆ గడువును వాడుకున్నారా, పోగొట్టుకున్నారా అన్నది కెప్టెన్ చేతిలో ఉంటుంది. పెద్ద ప్రాణనష్టం జరిగిన చోట్ల, నా ఉద్దేశంలో, ఎక్కువ తూగేది కెప్టెన్ చేతిలో ఉన్న ఈ సంగతే.

ముందు నేల సంగతి. మన ఊళ్లోనే రెండు రకాలూ ఉన్నాయి. ఆర్కే బీచ్ దగ్గర ఇసుక, టెన్నేటి పార్కు కింద రాళ్లు. ఇసుక మీదకు ఎక్కిన ఓడ బరువు అడుగుభాగమంతా పరుచుకుంటుంది. రేకు వంగుతుంది, సొట్టలు పడుతుంది, చాలాసార్లు చిల్లు పడదు. రాయి అలా కాదు. బరువంతా ఒక్క చోట మోపి గుచ్చుకుంటుంది. తర్వాత ప్రతి అలకూ ఓడ లేచి మళ్లీ అదే రాయి మీద కూర్చుంటుంది, రోట్లో రోకలి పడ్డట్టు.

ఇసుకకు మంచి ఉదాహరణ రాయల్ మెజెస్టీ అనే విహార నౌక. 1995 జూన్ 10 రాత్రి, బెర్ముడా నుంచి బోస్టన్ వెళ్తూ, అమెరికా తూర్పు తీరంలో నాంటకెట్ దీవి దగ్గర ఇసుక తిన్నె ఎక్కింది. బెర్ముడా వదిలిన కాసేపటికే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. పరికరం పాత దిక్కు, పాత వేగం లెక్కగట్టి స్థానం చూపిస్తూ పోయింది. 34 గంటలపాటు ఎవరూ గమనించలేదు. తగిలే సమయానికి ఓడ దారి తప్పి 17 మైళ్లు పక్కకు వచ్చేసింది. లోపల 1,509 మంది ఉన్నారు. ఒక్కరికీ గాయం కాలేదు. మరునాడు టగ్గులు, అంటే ఓడలను లాగే చిన్న బలమైన పడవలు, లాగేశాయి. ఇంత పెద్ద నిర్లక్ష్యానికి ప్రాణాలు పోకపోవడానికి కారణం కింద ఉన్నది ఇసుక కావడమే. అదే తప్పు రాతి తీరంలో జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఈరోజుకీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రాయి ఎలా తగిలింది అన్నది కూడా ముఖ్యమే. ముక్కుతో ఎదురుగా గుద్దితే దెబ్బ ముందు గదులకే పరిమితమవుతుంది. ఓడ పక్కను రాయి గీరితేనే అసలు ముప్పు, ఎందుకంటే ఓడ ముందుకు పోతున్నకొద్దీ రాయి ఒక్కొక్క గదినీ చీల్చుకుంటూ పోతుంది. కాంకోర్డియాకు జరిగింది ఇదే. 2012 జనవరి 13 రాత్రి 9:45కు, జీలియో దీవికి మరీ దగ్గరగా, గంటకు 16 సముద్ర మైళ్ల వేగంతో వెళ్తూ, చివరి క్షణంలో పక్కకు తిరగబోయి ఎడమ పక్కను రాతికి గీరుకుంది. చీలిక పొడవు 53 మీటర్లు. పెద్ద రాతిముక్క ఒకటి విరిగి ఓడ రేకులోనే ఇరుక్కుపోయింది.

వేగం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది, అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటి ఉంది. తక్కువ లోతు నీటిలో వేగంగా పోయే ఓడ కిందికి కుంగుతుంది. అడుగుకు, నేలకు మధ్య ఇరుకులో నీరు వడిగా పారి, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. విహార నౌక లాంటి ఆకారానికి మేము వేసుకునే లెక్క ప్రకారం, గంటకు 16 మైళ్ల వేగంలో ఆ కుంగుడు సుమారు 1.6 మీటర్లు. వేగం 8 మైళ్లకు తగ్గిస్తే 40 సెంటీమీటర్లే. 1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్ 2 అమెరికా తీరంలో రాళ్లకు తగిలినప్పుడు జరిగింది ఇదే. పటంలో ఆ రాళ్లు లేవు, ఓడ ఎంత కుంగుతుందో బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో ఉన్నవాళ్లు తక్కువగా అంచనా వేశారు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు.

ఇక గదులు. ఓడ అడుగుభాగాన్ని వెదురు బొంగులా ఊహించుకోండి. కణుపు కణుపుకూ అడ్డగోడ ఉంటుంది. ఒక కణుపులో నీళ్లు నిండినా పక్క కణుపు పొడిగానే ఉంటుంది. కాంకోర్డియా లాంటి ఓడలను పక్కపక్కన ఉన్న రెండు గదులు నిండినా తేలి ఉండేలా కడతారు. ఆ రాత్రి నీరు చేరింది అయిదు గదుల్లోకి. వాటిలో ఇంజన్లు, జనరేటర్లు ఉన్న గదులు కూడా ఉన్నాయి. అంటే రాయి తగిలిన నిమిషానికే ఆ ఓడ కథ ముగిసింది. కానీ మనుషుల కథ ముగియలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

ఈ అడ్డగోడలకు తలుపులుంటాయి. సిబ్బంది అటూ ఇటూ తిరగడానికి వాటిని తెరుస్తారు. తెరిచి వదిలేసిన తలుపు ఒక్కటి చాలు, బొంగులో కణుపు పగిలినట్టే. నేను పనిచేసిన ఓడల్లో ఈ తలుపుల విషయంలో చాలా కఠినంగా ఉండేవాడిని, కుర్రవాళ్లు విసుక్కునేవారు.

నీరు వచ్చిందా లేదా అన్నది బ్రిడ్జి మీద నిలబడితే తెలియదు. నేను థర్డ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఒక సరుకు ఓడ నదీముఖంలో తిన్నె ఎక్కింది. అర్ధరాత్రి, పాటు సమయం, నీరు తగ్గుతోంది. ఢీకొన్న చప్పుడేమీ లేదు. బల్ల మీద గాజు గ్లాసులో టీ అంతవరకూ సన్నగా వణుకుతూ ఉంది, ఉన్నట్టుండి ఆ వణుకు మారింది. వెనకాల ప్రొపెల్లర్ చిమ్మే నీరు బెల్లం పానకం రంగుకు తిరిగింది. మా వెనక వస్తున్న అలే మమ్మల్ని దాటి ముందుకు పోయింది. అప్పుడు అర్థమైంది, ఓడ ఆగిపోయిందని.

మా కెప్టెన్ వయసు మళ్లినవారు. ఇంజన్ ఆపించి నాతో అన్న మొదటి మాట: ‘పైపుల దగ్గర చెవిపెట్టి విను, గాలి వస్తోందా?’ ఓడ అడుగున ప్రతి ట్యాంకు నుంచీ డెక్ మీదకు ఒక పైపు ఉంటుంది. కింద నీరు చొరబడుతుంటే లోపలి గాలి ఆ పైపులోంచి బుసకొడుతూ బయటకు వస్తుంది. టార్చిలైటు పట్టుకుని, డెక్ సిబ్బంది పెద్ద అయిన బోసన్‌తో కలిసి ఒక్కొక్క పైపు మూత తీసి చెవి ఆనించాను. తర్వాత ఇత్తడి కడ్డీ కట్టిన టేపు దించి కొలిచాం. కడ్డీకి పూసే ముద్ద ఒకటుంటుంది, నీరు తగిలినంత మేర రంగు మారుతుంది. ఎడమవైపు రెండో ట్యాంకు దగ్గర సన్నని ఈల వినబడింది. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవిలో ఉంది. పది నిమిషాలకు ఒకసారి కొలుస్తూ, అంకెలు సుద్దముక్కతో రేకు గోడ మీద రాస్తూ తెల్లవారే దాకా గడిపాం. ఆ ఒక్క ట్యాంకుతోనే ఆగింది. రెండు పొరల అడుగులో బయటి పొర మాత్రమే పగిలింది, లోపలి పొర నిలిచింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, నేలకు తగిలిన మొదటి పావుగంటలో జరగవలసిన పని ఇదే. ఎన్ని గదులు, ఎంత నీరు, ఎంత వేగంగా పెరుగుతోంది. ఈ మూడు అంకెలు తెలిసిన కెప్టెన్‌కు గడువు ఎంతో తెలుస్తుంది. తెలుసుకున్నాక నమ్మాలి కూడా. కాంకోర్డియాలో నీరు ఎన్ని గదుల్లోకి వచ్చిందో కింద నుంచి బ్రిడ్జికి కబురు అందుతూనే ఉంది.

చొరబడిన నీటితో ఇంకొక చిక్కు ఉంది. వెడల్పాటి తాంబాళంలో నీళ్లు పోసి పట్టుకుని నడవండి. చెయ్యి కొంచెం వంగిందంటే నీళ్లన్నీ అటే పరుగెత్తి, తాంబాళాన్ని ఇంకా వంచుతాయి. ఓడలో విశాలమైన చోట్ల నిలిచిన నీరు ఇలాగే చేస్తుంది. అందుకే ఓడ మెల్లగా కుంగుతూ మునగడం కన్నా ముందు ఒరిగి పడిపోయే ప్రమాదం ఎక్కువ. కాంకోర్డియాకు చిల్లు పడింది ఎడమవైపు, అది ఒరిగి పడుకున్నది కుడివైపు. ఫొటోలు చూసిన చాలామంది ఇది గమనించరు. నీటికి దారి దొరికాక, గాలి, మలుపు, నేల వాలు అన్నీ కలిసి ఎటు లాగితే అటు పోతుంది.

ఒరగడానికీ ప్రాణాలకూ సూటి సంబంధం ఉంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం లైఫ్‌బోట్లను ఓడ 20 డిగ్రీల వరకు ఒరిగినా దించగలిగేలా అమర్చాలి. అది దాటితే ఎత్తుగా లేచిన వైపు బోట్లు ఓడ పక్కకే ఆనుకుని ఇరుక్కుంటాయి. కింది వైపు బోట్లు బయటికి ఊగిపోయి, ఎక్కడానికి అందవు. అప్పుడు బోట్లు ఎన్ని ఉన్నా ఒకటే.

కరెంటు గురించి తక్కువగా మాట్లాడతారు, నాకు మాత్రం అది ప్రాణాధారం అనిపిస్తుంది. ఇంజన్ ఉంటే కెప్టెన్ ఓడను తనకు నచ్చిన చోటికి తీసుకెళ్లగలడు. పంపులు నడుస్తాయి, మైకు పనిచేస్తుంది, మెట్ల మీద దీపాలు వెలుగుతాయి. కాంకోర్డియాలో రాయి తగిలిన వెంటనే ఇంజన్లు ఆగిపోయాయి, చుక్కాని కదల్లేదు, అత్యవసర జనరేటర్ నిలకడగా నడవలేదు. 2010 జూలై 1 తర్వాత నిర్మాణం మొదలైన, 120 మీటర్లకు తక్కువ కాని ప్రయాణికుల ఓడలకు ఒక నిబంధన వచ్చింది. పరిమితికి లోబడి ఒక గది నీటితో నిండినా, ఒక చోట మంట చెలరేగినా, సొంత శక్తితో రేవు చేరగలిగేలా యంత్రాలను విడివిడిగా అమర్చాలి. మీరు టికెట్ తీసుకునే ఓడ ఏ సంవత్సరంలో కట్టిందో అడగండి, ఆ మాత్రం అడిగే హక్కు మీకుంది.

అయితే కొత్త ఓడ అయినంత మాత్రాన నిశ్చింత లేదు. 2019 మార్చి 23న నార్వే తీరంలో, రాళ్లు నిండిన హుస్టాడ్వికా దగ్గర వైకింగ్ స్కై అనే ఓడకు తుపాను గాలిలో ఇంజన్లన్నీ ఆగిపోయాయి. ట్యాంకుల్లో లూబ్రికేటింగ్ ఆయిల్ తక్కువగా ఉంది. ఓడ ఊగినప్పుడల్లా ఆయిల్ పక్కకు పోయి పంపులకు అందలేదు. లోపల 1,373 మంది. ఓడ రాళ్ల వైపు కొట్టుకుపోయింది, రెండు లంగర్లు వేశారు. ఇంజన్ మళ్లీ అందుకునేసరికి రాళ్లకు ఓడకు మధ్య దూరం ఇంచుమించు ఒక ఓడ పొడవు. 479 మందిని హెలికాప్టర్లతో పైకి లాగారు, మిగిలినవారు ఓడతోనే రేవు చేరారు. ట్యాంకులో ఆయిల్ మట్టం చూసుకోకపోతే ఎంత గొప్ప ఓడకైనా ఇదే గతి.

మీ అమ్మగారు చూసిన ఓడ కథ కూడా లంగరుదే. ఆ బంగ్లాదేశ్ సరుకు ఓడ పేరు ‘మా’. పొడవు 80 మీటర్లు ఉంటుంది. 2020 అక్టోబరు 12 అర్ధరాత్రి దాటాక తీవ్ర వాయుగుండం గాలికి, రేవు బయట ఆగి ఉన్నది లంగరు ఈడ్చుకుంటూ టెన్నేటి పార్కు రాళ్ల మీదకు వచ్చింది. ఆ వాయుగుండం 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. ఓడలో ఉన్న 15 మందీ క్షేమం. అంత గాలిలో, రాళ్ల మీద, చీకట్లో ఒక్క ప్రాణం పోలేదు. అమ్మగారికి ముందు ఈ సంగతి చెప్పండి. ఆ ఓడను చూసినప్పుడు ఆవిడకు గుర్తుకు రావలసింది ఆ 15 మంది.

ఇంత చిన్న ఓడను కూడా ఎందుకు వెంటనే లాగలేకపోయారు అని ఆ రోజుల్లో ఊరంతా అడిగింది. దీనికి ఒక లెక్క ఉంది. రెండు వందల మీటర్ల విహార నౌకను తీసుకుందాం. అది ఒక సెంటీమీటరు పైకి లేచి నేల మీద కూర్చుంటే సుమారు 50 టన్నుల బరువు నేల మీద పడుతుంది. 60 సెంటీమీటర్లు లేచి కూర్చుంటే 3,000 టన్నులు. ఇసుక మీద దాన్ని జరపాలంటే అందులో మూడో వంతు, అంటే 1,000 టన్నుల లాగుడు కావాలి. రేవుల్లో ఉండే మంచి టగ్గు 50, 60 టన్నులు లాగుతుంది. దాదాపు ఇరవై టగ్గులన్నమాట. రాయి మీదైతే రాపిడి ఇసుక కన్నా రెండు మూడింతలు. అదే నీరు 60 సెంటీమీటర్లు పెరిగితే, ఒక్క టగ్గు కూడా అవసరం లేకుండా ఓడ తేలుతుంది.

అందుకే నేలకు తగిలింది పోటులోనా పాటులోనా అన్నది ముందు చూస్తాం. పాటులో తగిలితే ఆరు గంటల్లో సముద్రమే వచ్చి ఎత్తుతుంది. పోటు గరిష్ఠంగా ఉన్నప్పుడు, అందులోనూ పౌర్ణమికో అమావాస్యకో ఎక్కితే, మళ్లీ అంత నీరు రావడానికి రెండు వారాలు పట్టవచ్చు. మన విశాఖలో పెద్ద పోటుకు, పాటుకు తేడా ఒకటిన్నర మీటరు లోపే. అష్టమి రోజుల్లో అర మీటరు. సముద్రం ఇచ్చే సాయం ఇక్కడ తక్కువ. తుపానులో పొంగిన నీటి మీద, పెద్ద అలల మీద వచ్చి కూర్చున్న ఓడకు, ఆ నీరు మామూలు మట్టానికి దిగాక తిరిగి వెళ్లే దారి ఉండదు.

గ్రీన్‌లాండ్ ఓడ పేరు ఓషన్ ఎక్స్‌ప్లోరర్. 2023 సెప్టెంబరు 11న ఆల్ప్‌ఫియోర్డ్‌లో దిగబడింది. 206 మంది ఉన్నారు, ఆదుకునే పెద్ద ఓడలు చాలా దూరం. కానీ ఓడలోకి నీరు రాలేదు, కరెంటు పోలేదు, మెత్తని నేల మీద నిటారుగా నిలిచింది. పోటు వచ్చిన ప్రతిసారీ ప్రయత్నించారు, మొదట కదల్లేదు. మూడు రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, చేపల పరిశోధనకు వాడే ఓడ ఒకటి వచ్చి పోటులో లాగితే కదిలింది. మనకు పోలాల అమావాస్య వచ్చింది ఆ రోజుల్లోనే, అంటే పోటు పెరుగుతున్న రోజులు. అక్కడ కెప్టెన్ చేయవలసిందల్లా ఓపిక పట్టడం. ప్రయాణికులు మంచం మీద పడుకుని, వేళకు భోజనం చేస్తూ ఎదురుచూశారు.

లాగడమే మంచిదని కూడా అనుకోవద్దు. చిల్లు పడిన ఓడను రాయి ఒక్కోసారి మోస్తూ ఉంటుంది. తొందరపడి వెనక్కి లాగితే లోతు నీటిలో మునుగుతుంది. గుచ్చుకున్న కత్తిని పీకినప్పుడు నెత్తురు చిమ్మినట్టు. 2007 ఏప్రిల్ 5న గ్రీసులో శాంటోరీని దగ్గర రాతిదిబ్బకు తగిలిన సీ డైమండ్ నిలబడడానికి నేల లేక మరునాడు తెల్లవారుజామున లోతులోకి వెళ్లిపోయింది. ఇద్దరు ప్రయాణికులు తిరిగి రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణలు నాకు చాలా ఇష్టం. 1998 డిసెంబరులో కరీబియన్‌లో మొనార్క్ ఆఫ్ ద సీస్ ఒక రాతిదిబ్బకు తగిలి మూడు గదుల్లోకి నీరు చేరింది. అర్ధరాత్రి దాటిన వేళ. కెప్టెన్ ఓడను దగ్గరలో ఉన్న ఇసుక తిన్నె మీదకు తనంతట తానే ఎక్కించాడు. రెండున్నర వేల మంది ప్రయాణికులు గాయం లేకుండా దిగారు. 2000 ఏప్రిల్ 30న సోలమన్ దీవుల్లో వరల్డ్ డిస్కవరర్ కెప్టెన్ కూడా అంతే చేశాడు. పటంలో లేని దిబ్బకు తగిలాక ప్రయాణికులను దించేసి, ఒరుగుతున్న ఓడను రోడరిక్ బే ఒడ్డుకు తోలాడు. ఓడ తుప్పుపట్టి ఇంకా అక్కడే ఉంది. మనుషులంతా ఇళ్లకు వెళ్లారు. కోట్ల విలువైన ఓడను సొంత చేతులతో ఒడ్డుకెక్కించడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. యజమాని ఏమంటాడో, విచారణలో ఏమడుగుతారో అన్న ఆలోచన ఆ క్షణంలో పక్కన పెట్టగలగాలి.

కాంకోర్డియాను ఒడ్డుకు చేర్చింది ఈశాన్య గాలి. ఇంజన్లు, చుక్కాని లేని ఓడను ఆ గాలి తిరిగి దీవి వైపే నెట్టింది. గాలి ఎదురు వైపు నుంచి వీచి ఉంటే ఓడ లోతు నీటిలోకి కొట్టుకుపోయేది. అందులో 4,229 మంది ఉన్నారు. ఒడ్డుకు అంత దగ్గరగా ఒరిగింది కాబట్టే మృతుల సంఖ్య 32 దగ్గర ఆగింది. అయినా ఆ 32 మంది కూడా బతకవలసినవారే. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

సమయాలు చూడండి. రాయి తగిలింది 9:45కు. ప్రమాద హెచ్చరిక మోగింది 10:33కు. ఓడ వదలమన్న ఆదేశం 10:54కు. ప్రయాణికులకు అంతవరకు చెప్పింది కరెంటు సమస్య అని. తీరరక్షక దళానికి మొదటి కబురు ఓడ నుంచి వెళ్లలేదు. ఓడలో ఉన్నవారు ఇంటికి ఫోను చేస్తే, ఆ బంధువులు ఇటలీలోని ప్రాటో పట్టణ పోలీసులకు చెబితే, వాళ్లు తీరరక్షక దళాన్ని అడిగారు. ఓడ ఇంకా ఎక్కువ ఒరగని ఆ మొదటి గంటలో రెండు వైపుల బోట్లూ దించే వీలుంది. నిబంధన ప్రకారం అందరూ లైఫ్ జాకెట్లతో సిద్ధంగా ఉన్నాక, ఆదేశం ఇచ్చిన 30 నిమిషాల్లో బోట్లన్నీ దింపగలగాలి. ఆదేశమే గంటా తొమ్మిది నిమిషాలకు వచ్చింది. కెప్టెన్ ఫ్రాన్సెస్కో స్కెటీనో ప్రయాణికులింకా ఉండగానే ఓడ వదిలాడు. 2015లో కోర్టు 16 ఏళ్ల శిక్ష వేసింది.

బ్రిడ్జి మీద నిలబడ్డ మనిషి ఎందుకు ఆలస్యం చేస్తాడో నాకు తెలుసు. బహుశా ఆగుతుందేమో, పంపులు లాగేస్తాయేమో అన్న ఆశ. హెచ్చరిక మోగించాక వెనక్కి తీసుకోలేమన్న భయం. తొక్కిసలాట జరుగుతుందన్న సాకు. ఆ నదీముఖంలో ట్యాంకు దగ్గర ఈల విన్నప్పుడు నా మనసు కూడా ‘ముందు ఇంకోసారి చూసి చెబుదాం’ అంది. మా కెప్టెన్ మాత్రం నేను చెప్పిన మరుక్షణం రేడియోలో రేవుకు కబురు చేసి, వంటవాడితో సహా అందరినీ లేపించారు. అవసరం పడలేదు. ఆయన దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, అవసరం పడనందుకు సంతోషించారు.

అండమాన్ ఓడల్లో నేను చూసిన ఇంకో సంగతి. డ్రిల్లు, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే సాధన, గంట కొట్టినప్పుడు జనం ముందు పెట్టెలు వెతుక్కుంటారు. ఆడవాళ్లు పిల్లలను, మగవాళ్లు సంచులను ఎత్తుకుంటారు. మెట్ల దగ్గర ఒక్క సూట్‌కేసు అడ్డం పడితే వెనక వందమంది ఆగిపోతారు. వయసు మళ్లినవారు లిఫ్టు దగ్గరకు వెళ్లి నిలబడతారు. లిఫ్టు ఆ సమయంలో పనిచేయదు, పనిచేసినా ఎక్కకూడదు. కాంకోర్డియాలో ఆ రోజే ఎక్కిన వందల మందికి ఈ డ్రిల్లు ఇంకా జరగలేదు. అప్పటి నిబంధన 24 గంటల్లోపు చేయమంది. 2015 జనవరి 1 నుంచి ఓడ కదలడానికి ముందే, లేదా కదిలిన వెంటనే చేయాలి. ఆ 32 మంది పోయాక వచ్చిన మార్పు అది.

మీ ప్రయాణం మాటకు వస్తే, విశాఖ నుంచి చెన్నై దారిలో ఓడకు రాళ్ల దగ్గరకు పోవలసిన పని లేదు. మన తీరంలో కొంచెం దూరం పోగానే లోతు బాగా పెరుగుతుంది. ఇరుకు ఉన్నది రేవులోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడే. అక్కడ ఓడకు దారి చూపే రేవు పైలట్ ఉంటాడు, టగ్గులు పక్కనే ఉంటాయి, వేగం తక్కువ. ఏదైనా జరిగినా తూర్పు నౌకాదళం, తీరరక్షక దళం, ఫిషింగ్ హార్బర్ బోట్లు కూతవేటు దూరంలో ఉన్నాయి. నేనైతే అక్టోబరు, నవంబరు తుపాను రోజులు మాత్రం తప్పిస్తాను. మిగతా నెలల్లో మా ఇంట్లో వాళ్లను నిస్సంకోచంగా పంపుతాను.

ఎక్కిన రోజు ఈ పనులు చేయండి. ఓడవాళ్లు ఇచ్చే అమ్మగారి కార్డు మీద ప్రమాదంలో ఆవిడ చేరవలసిన చోటు రాసి ఉంటుంది, అది చదివించండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే పెట్టె ముట్టుకోకుండా అక్కడికి నడవాలని చెప్పండి. రోజూ వేసుకునే మందులు, కళ్లజోడు ఒక చిన్న సంచిలో వేసి తలుపు పక్కన తగిలించండి. వీలైతే కింది అంతస్తు గది కాకుండా, లైఫ్‌బోట్ల డెక్‌కు దగ్గర గది అడగండి, మోకాళ్ల నొప్పులుంటే మరీను. లైఫ్ జాకెట్ ఒకసారి తొడిగించి పట్టీలు సరిచేయండి. గది నుంచి ఆ చోటికి లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీద ఒకసారి మీరు ముందుండి తీసుకెళ్లండి. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ నడవండి, ఈసారి మీరు వెనక ఉండి, దారి ఆవిడనే చూపమనండి.